ఊదుమెట్ట చావుగొట్టం

సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి సుబంధుడి తల తెగుతుంది. ఈ సంగతి లోయ ఇవతల బండల చాటున బోర్లా పడుకున్న జయంధరుడికి తెలుసు. లోయ అవతల బురుజు మీద గండ్రగొడ్డలికి పసుపు రాయించుకుంటున్న మాంత్రికుడు జృంభకుడికి తెలుసు. రాతి స్తంభానికి కట్టేసి ఉన్న సుబంధుడికైతే అందరికంటే బాగా తెలుసు. అయినా ఆ మొండివాడు తలపాగా వంకర పోకుండా మెడ నిటారుగా నిలుపుకొని, పెళ్లిపీటల మీద కూర్చున్నంత దర్జాగా ఉన్నాడు.

ఏం బురుజది! ఘోషవతి నది కొండను నిలువునా కోసుకుపోయిన చోట, లోయ అంచు మీద, కాటుక రంగు రాతిలో చెక్కిన ఏనుగుల వరుస. వాటి కుంభస్థలాల మీద పాలరాతి మంటపం. మంటపానికి నెమలి పింఛాల్లాంటి పచ్చరాతి కిటికీలు, వాటికి ముత్యాల జాలరులు. నడుమ పగడపు గొలుసులతో వేలాడుతున్న స్ఫటిక కుండ. ఆ కుండలో ఎర్రగా, పచ్చగా, నీలంగా ఏదో పొర్లుతూ ఉంటుంది. అది శోణపురి రాజ్యంలోని నిప్పు. ఒక్క నిప్పురవ్వ కూడా బయట మిగల్చకుండా జృంభకుడు నిరుడు దాన్నంతా పీల్చి అందులో బంధించాడు.

ఆనాటి నుంచి రాజ్యంలో పొయ్యి వెలగలేదు. జనం నానబెట్టిన సజ్జలు నములుతున్నారు. చంటిబిడ్డలకు చలి, బాలింతలకు కాపడం లేదు, చచ్చినవాళ్లకు చితి లేదు. చెకుముకి రాయి కొడితే చప్పుడే వస్తుంది. తుపాకిమందు ఇసుకతో సమానం. ఇవాళ మిట్టమధ్యాహ్నం రాజవంశపు నెత్తురు ఆ కుండ మీద పడిందా, ఇక నిప్పు ఏనాటికీ తిరిగి రాదు. అదంతా జృంభకుడి సొత్తు.

ఆ నెత్తురు యువరాజు జయంధరుడిది కావాలి. కాని బండల చాటున గాజుల మలారం భుజాన వేసుకుని, శెట్టి వేషంలో ఉన్నవాడే జయంధరుడు! మొన్న అడవిలో జృంభకుడి భటులు చుట్టుముట్టినప్పుడు మంత్రి కొడుకు సుబంధుడు యువరాజు తలపాగా లాక్కుని తన తలకు చుట్టుకున్నాడు, రాజముద్రిక తన వేలికి తొడుక్కున్నాడు, స్నేహితుణ్ణి వాగులోకి ఒక్క తోపు తోసి "యువరాజును నేనే, రండిరా!" అని ఎదురెళ్లాడు. స్తంభం దగ్గర నిలబడ్డవాడిలో రాజరక్తం లేదని జృంభకుడికి తెలిసేది తల తెగాకే. అప్పుడు తెలిసి ఎవరికేం లాభం?

లోయకు వంతెన లేదు, జృంభకుడు తెంపించాడు. బాణం సగం దూరమైనా పోదు. మిగిలింది ఒకటే దారి, లోయకు ఇవతలున్న ఊదుమెట్ట గాలిగొట్టం. నిప్పుతో పనిలేని ఆయుధం ఆ రాజ్యంలో అదొక్కటే. ఇత్తడి బుర్రలోకి పిచికారితో గాలి కూరి కూరి నింపుతారు. మీట నొక్కితే ఆ గాలి ఒక్కసారిగా పొడవాటి ఇనుప గొట్టంలోకి దూకి, అందులో పెట్టిన సీసాన్ని తోసుకుపోతుంది. పొగ లేదు, మంట లేదు, ఉష్ మన్న చప్పుడు తప్ప. పావురాలనూ కుందేళ్లనూ కొట్టుకోవడానికి ఆ మెట్ట మీది కమ్మరులు తరతరాలుగా చేసుకుంటున్న వస్తువది.

"కొట్టు శెట్టీ, ఇంకోతూరి కొట్టు. కండ్లారా చూస్తేగాని నీకు నమ్మకం రాదు గదా" అంది ఓబులవ్వ.

ఓబులవ్వ ఆ మెట్ట కమ్మరులకు పెద్దదిక్కు. మొగుడు పోయి చాలా కాలమైంది, నోరు మాత్రం పదునుగానే ఉంది. లోయకు ఇవతలి గట్టునే, బురుజు ఎంత దూరమో అంత దూరాన, ఒక చేటను రాతికి ఆనించి పెట్టించింది. దుర్బిణి కంటికి పెట్టుకుని కూర్చుంది.

జయంధరుడు గుండ్రటి సీసపు గుండు వేసి మీట నొక్కాడు. గుండు చక్కగానే బయలుదేరింది. సగం దారి దాటాక లోయగాలి దాన్ని పక్కకు తోసింది. చేట అంచుకు తగిలి, అలిగిన కోడలిలా అక్కడే కింద పడింది. చేటకు చిల్లు కూడా పడలేదు.

"తేలిక సరుకు. దగ్గరైతే పిట్టను పడగొడ్తాది. అంత దూరం పోయేలోగా దాని ఊపంతా గాలే తినేస్తాది. ఆ స్ఫటికం కుండకు తగిలినా టింగుమని మోగుతాది, పగల్దు" అంది ఓబులవ్వ.

"అయితే బరువైంది వెయ్యాలి."

"ఎయ్యి మరి."

బరువు సీసం అక్కడే సిద్ధంగా ఉంది. కరిగించి పోయడానికి నిప్పు లేదు కనుక, ఓబులవ్వ తమ్ముడు మారయ్య సీసం ముక్కలను ఉక్కు అచ్చులో పెట్టి సుత్తితో కొట్టి కొట్టి చల్లగానే దిమ్మలు చేశాడు. చిటికెన వేలి కణుపంత పొడవు, ముందు మొన, వెనక గుంట. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తోంది. జయంధరుడు ఒక దిమ్మను గొట్టంలోకి నెట్టి కొట్టాడు. చేట ఎగిరి పడింది.

"తగిలింది!" అని లేవబోయాడు.

ఓబులవ్వ అతని భుజం పట్టి కిందికి లాగి దుర్బిణి చేతిలో పెట్టింది. "బెజ్జం చూడు. గుండ్రంగా ఉందా?"

చేటలో బెజ్జం గుండ్రంగా లేదు. దిమ్మ ఎంత పొడవో అంత పొడవున, కత్తితో చీల్చినట్టు ఉంది. అదీ తను గురిపెట్టిన నడిమధ్యన కాదు, మూల మీద.

"పొర్లుకుంటా పోయింది" అంది అవ్వ. "గొట్టం లోపల గాడి మెలిక తిరిగి ఉంటాదిలే, దాన్ని పట్టుకొని సీసం గిర్రున తిరగాల. బొంగరం జోరుగా తిరిగినంత సేపే నిలబడతాది గదా? గుండు పొట్టిది, మెల్లగా తిప్పినా చాలు. ఈ దిమ్మ పొడుగుది, బరువుది. దాన్ని నిలబెట్టాలంటే మెలిక బిగువుగా ఉండాల. మా గొట్టాలన్నీ పిట్టల కోసరం చేసినవి నాయనా, వదులు మెలికవి. ఈ మెట్ట మీద ఏ గొట్టం తీసుకున్నా ఇంతే."

"కొత్తది చెయ్యలేరా?"

"కొలిమి లేకుండానా? నిప్పు ఏడుంది?"

జయంధరుడు ఆకాశం వైపు చూశాడు. స్తంభం నీడ సుబంధుడి పాదాల దగ్గరికి కుంచించుకుపోతోంది. బురుజు మీద డోళ్లు మొదలయ్యాయి. తేలికది చేరదు, బరువైంది నిలవదు, కొత్త గొట్టానికి నిప్పు కావాలి, నిప్పు కావాలంటే గొట్టం కావాలి. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదన్నట్టుంది వ్యవహారం. కాని నవ్వడానికి అక్కడ ఎవరికీ తీరిక లేదు.

అప్పుడే అతని చూపు ఓబులవ్వ ఇంటి వాకిలి మీద పడింది. ద్వారబంధం పైన, మామిడాకుల కింద, పసుపూ కుంకుమా పూసిన పొడవాటి గొట్టం ఒకటి అడ్డంగా కట్టి ఉంది. రెండు కొసలకూ తేనెమైనం బిగించి ఉంది.

"అవ్వా, అదేమిటి?"

అవ్వ ముఖం మారిపోయింది. మారయ్య చేతిలోని సుత్తి ఆగింది.

"అది కొట్టేది గాదు. అది మా బావది" అన్నాడు మారయ్య.

ఊదుమెట్టలో ఒక ఆచారం ఉంది. ప్రతి పనివాడూ బతికుండగానే తన కోసం ఒక గొట్టం చేసి పెట్టుకుంటాడు. దాన్ని చావుగొట్టం అంటారు. ప్రాణం పోయే ఘడియలో దాని కొసను అతని నోటికి ఆనిస్తారు. ఆఖరి ఊపిరి అందులోకి వదులుతాడు. వెంటనే రెండు కొసలూ మైనంతో మూసి వాకిలికి కడతారు. మనిషి పోయినా ఊపిరి ఇంట్లోనే ఉందని వాళ్ల నమ్మకం. శుభకార్యం వస్తే మొదటి కుంకుమ దానికే.

ఓబులవ్వ మొగుడు గంగులయ్య పరమ మొండివాడట. బిగువు మెలిక, బరువు దిమ్మ అని జన్మంతా పోరాడాడు. పిట్టను కొట్టడానికి కొండంత దిమ్మ ఎందుకురా అని మెట్టంతా నవ్వింది. నవ్విన నాపచేనే పండుతుందని అతడు మాత్రం తన చావుగొట్టాన్ని పంతం కొద్దీ బిగువు మెలికతోనే చేసుకున్నాడు. అది చేసిన తర్వాత ఒక్కసారైనా కొట్టకుండా అందులోనే ఊపిరి వదిలాడు.

"అవ్వా, ఆ గొట్టం ఇవ్వు" అన్నాడు జయంధరుడు.

"నోరు జాగ్రత్త శెట్టీ! ఎవురో రాకుమారుడంట, నాకేం చుట్టమా? రోజూ గెలుస్తారు, రోజూ చస్తారు రాజులు. వాని కోసరం నా మొగుణ్ణి గాలికి వదలమంటావా?"

జయంధరుడు మలారం దించి పక్కన పెట్టాడు. బుగ్గలకు అంటించుకున్న గడ్డం పీకేశాడు. "అక్కడున్నవాడు రాకుమారుడు కాదవ్వా. రాకుమారుణ్ణి నేను. వాడు నా స్నేహితుడు. మా అమ్మ పోతే వాళ్లమ్మ పాలిచ్చి నన్ను పెంచింది. నా తల బదులు తన తల పెట్టాడు. నేను వద్దనేలోపు తోసేశాడు." శోణపురి యువరాజు ఆ ముసలిదాని పాదాలు రెండు చేతులా పట్టుకున్నాడు. "నీ మొగుడి ఊపిరి ఎంత విలువైందో నాకు తెలుసు. నా దగ్గర దానికి సరిపోయేది ఏదీ లేదు. అడగడం తప్ప నాకేం చేతకాదు."

ఓబులవ్వ ద్వారబంధం వంక చూసింది. అవతల డోళ్ల జోరు పెరిగింది.

"కాళ్లు వదులు. గొట్టం దించరా మారిగా" అంది చివరికి.

గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని పసుపు తుడిచింది. గోటితో ఒక కొసన మైనం గీకింది. తర్వాత రెండో కొసను తన వైపు తిప్పుకుంది. అప్పుడామె చేసిన పని చూసి మారయ్య కూడా నిర్ఘాంతపోయాడు. మైనం ఊడదీస్తూనే గొట్టం కొసకు నోరు ఆనించి, లోపల ఎంత గాలి ఉందో అంతా ఒక్క గుక్కలో లోపలికి పీల్చుకుంది. కళ్లు మూసుకుని, బుగ్గల మీద నీళ్లు కారుతుండగా, పీల్చిన ఊపిరిని వదలకుండా అలాగే బిగబట్టింది.

"గాలికి వదల్లేదు. నాలోనే పెట్టుకున్నా" అంది తర్వాత, ఊపిరి తిప్పుకుని. "ఊ, కానీండి. ఆలస్యం చేస్తే ఆ పిల్లోడు దక్కడు."

మారయ్య పాత గొట్టం విప్పి చావుగొట్టాన్ని బిగించాడు. నూనెగుడ్డ పెట్టి లోపల తుడిచాడు. పిచికారి మీద ఒళ్లు విరుచుకుపడి బుర్రలో గాలి కూరాడు, చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. ఓబులవ్వ బూరుగు దూది చిన్న చిన్న పీలికలుగా తుంచి లోయ మీదికి వదిలింది. అవి నిలువునా దిగిపోయాయి.

"గాలి పడిపోయింది. మంచిదే. ఇగ మెలిక సంగతి. తిరుగుతా పోయే దిమ్మ దూరం పోయేకొద్దీ తిరిగే దిక్కుకే ఒరుగుతాది. కుడికి జరుగుతాది గాబట్టి, నువ్వు కుండకు ఎడమగా పట్టు. మంటపం స్తంభం అంచు మీద పెట్టు గురి. దిమ్మ బరువుకు దిగుతాది, గొలుసుల మీదికి ఎత్తు."

జయంధరుడు గురిపెట్టాడు. కుండ దూరాన గోలీకాయంత కనబడుతోంది. ఎడమగా, పైకి, మంటపం స్తంభం అంచు మీద. ఊపిరి సగం వదిలి మీట నొక్కాడు.

ఉష్!

దిమ్మ గాలిని చీల్చుకుంటూ పోయిన సవ్వడి లోయంతా వినిపించింది. కొట్టుకుపోలేదు, పొర్లలేదు, తాడు కట్టి లాగినట్టు పోయింది. పోయి, కుండకు బారెడు ఎడమగా, మంటపం పాలరాతి అంచు పగలగొట్టింది!

తెల్లటి ధూళి లేచింది. డోళ్లు ఆగాయి. జృంభకుడు చటుక్కున తిరిగి లోయ ఇవతలికి చూశాడు. ఎండలో మెరుస్తున్న ఇత్తడి బుర్ర అతని కంట పడింది. వాడు మూర్ఖుడు కాదు. ఏం జరిగిందో, మళ్లీ ఏం జరగబోతోందో రెప్పపాటులో గ్రహించాడు. కట్లు విప్పించి సుబంధుణ్ణి ఈడ్చుకొచ్చి కుండకు అడ్డంగా, ముఖం లోయ వైపు తిప్పి, డాలు నిలబెట్టినట్టు నిలబెట్టించాడు. చేతులు వెనక్కి విరిచి కట్టించాడు. ఇప్పుడు కుండలో కనిపించేది సుబంధుడి కుడి చెవికీ భుజానికీ మధ్య మెరిసే వేలెడంత ముక్క. వెనక జృంభకుడి గొడ్డలి లేచి, సూర్యుడు నడినెత్తికి రావడం కోసం ఆగింది.

"ఏందిది? ఎడమకు ఎట్ల పోయింది?" మారయ్య తల బాదుకున్నాడు.

ఓబులవ్వ గొట్టం కొస వంక చూసింది. లోపలి గాడి వంక చూసింది. నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకుంది.

"అయ్యో నా బుద్ధి మండ! చావుగొట్టంరా ఇది! బతికినోళ్ల గొట్టానికి కుడి మెలిక, పొయ్యేటోడి గొట్టానికి ఎడమ మెలిక. పాడె కాడ ఎడమ దిక్కుకు తిరుగుతాం గదా, అట్ల! ఎవురూ దీంతో కొట్టింది లేదు, అందుకే నాకు తోచలేదు. ఇది ఎడమకు లాగుతాది నాయనా, కుడికి గాదు!"

"అయితే..." జయంధరుడు బురుజు వైపు తిరిగాడు. "అయితే కుండకు కుడివైపున పట్టాలి."

కుండకు కుడివైపున ఏముంది? సుబంధుడి ముఖం.

"బుర్రలో గాలి ఉందా మామా?"

"ఇంకొక్క దెబ్బకు. అదీ ముందరంత జోరు ఉండదు. మళ్లీ నింపేదానికి పొద్దు ఏడిది?"

"జోరు తగ్గితే ఇంకొంచెం దిగుతాది" అంది ఓబులవ్వ. గొంతు గుసగుసగా మారింది. "నుదుటి మీద పెట్టు నాయనా, కుంకుమ బొట్టు మీద. దిమ్మ దిగుతా, ఎడమకు ఒరుగుతా చెవి కిందుగా పోతాది. మా ఆయన మెలిక బిగువైందే. నిలబడతాది."

"నిలబడకపోతే?"

ఆమె దుర్బిణి కంటికి పెట్టుకుంది.

జయంధరుడు స్నేహితుడి నుదుటికి గురిపెట్టాడు. కళ్లలో నీళ్లు నిండి బొట్టు రెండుగా కనిపించింది. ముంజేతితో తుడుచుకుని మళ్లీ పెట్టాడు. లోయ అవతల సుబంధుడికి ఇత్తడి మెరుపు కనిపించింది. ఆ మెరుపు సూటిగా తన వైపే ఉందనీ తెలిసింది. మామూలు మనిషైతే తల వంచేవాడు, పక్కకు తప్పుకునేవాడు. ఒక్క వేలెడు కదిలినా చెవి కిందుగా పోయే దిమ్మ మెడలో దిగుతుంది. అతడు కదలలేదు. కళ్లు కూడా మూయలేదు. గడ్డం కాస్త పైకెత్తి, కానీయ్ అన్నట్టు నిలబడ్డాడు.

గొడ్డలి దిగబోయే క్షణంలో జయంధరుడు మీట నొక్కాడు.

సుబంధుడి కుడి చెవి తమ్మె తెగింది. దాని వెనకనే స్ఫటికం బద్దలైంది.

పిడుగులు పడ్డట్టు చప్పుడు. మంటపం కిటికీల్లోంచి ఎర్రటి వెల్లువ పొర్లి లోయంతా నిండి, నాలుగు దిక్కులకూ పరుగెత్తింది. జృంభకుడు కాలిన చేతులతో కెవ్వుమని కూలాడు. ఊదుమెట్ట మీద ఏడాదిగా చల్లారిన కొలుములు భగ్గుమన్నాయి. ఆడవాళ్లు ఇళ్లలోంచి ఏడుస్తూ నవ్వుతూ బయటికి వచ్చారు. "పొయ్యి వెలిగింది! పొయ్యి వెలిగిందే!" ఎవరో ఎసరు పెట్టడానికి కుండ కోసం పరుగెత్తారు. మారయ్య ఓబులవ్వను గిరగిరా తిప్పేశాడు. జయంధరుడు మాత్రం దుర్బిణి లాక్కుని బురుజు వైపు చూశాడు.

సుబంధుడు బతికే ఉన్నాడు! మంట తాకి కట్లు ఊడిపోయాయి. భటులు చెల్లాచెదురయ్యారు. నదిలోకి దిగే మెట్లదారి అతని ముందు ఖాళీగా ఉంది. నాలుగు అంగల్లో చేరుకోవచ్చు.

"దూకు! దూకరా!" అని జయంధరుడు అరిచాడు.

సుబంధుడు మెట్ల వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. బురుజును ఆనుకున్న కోటగోడ వైపు చూస్తున్నాడు. జయంధరుడూ దుర్బిణి అటు తిప్పాడు. నిప్పు తిరిగి వచ్చింది ఊదుమెట్ట పొయ్యిల్లోకి మాత్రమే కాదు. గోడ మీద మూలబడ్డ పెద్ద ఫిరంగి దగ్గర, దాన్ని పేల్చే గోలందాజు చేతిలో ఒత్తి రాజుకుంది. ఫిరంగి నోరు మెల్లగా తిరిగి మెట్ట మీద, కొలుముల మీద, కుండలు పట్టుకుని పరుగెడుతున్న ఆడవాళ్ల మీద నిలిచింది.

"మామా, గాలి! గాలి కూరు!"

మారయ్య పిచికారి మీద పడ్డాడు. బుర్ర అడుగు కూడా నిండలేదు.

సుబంధుడు మెట్లు వదిలి గోడ మీదికి పరుగెత్తాడు. అడ్డొచ్చిన భటుణ్ణి భుజంతో తోసి, చెవి నుంచి నెత్తురు కారుతుండగా ఫిరంగి మొన మీదికి ఎగిరాడు. కాళ్లు గోడకు తన్నిపెట్టి, ఛాతీ దాని నోటికి ఆనించి, రెండు చేతులా దాన్ని మెట్ట మీంచి పక్కకు తోస్తున్నాడు. అది ఒక జానెడు కదిలింది. ఇంకొక జానెడు. ఆ నోటి ముందు ఇప్పుడు మెట్ట లేదు, ఆడవాళ్లు లేరు, ఆకాశం ఉంది, అతని ఛాతీ ఉంది.

పుట్టి బుద్ధెరిగాక యువరాజును అతడు ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు లోయంతా మారుమోగేలా పిలిచాడు.

"జయా! వీళ్లందర్నీ తీసుకుని పో!"

గోలందాజు ఒత్తిని ఫిరంగి బెజ్జంలో పెట్టాడు.